నాలుగు అక్షరములు, ఏడు పలుకులు

కొన్ని సంవత్సరములకు పూర్వము మేము ఒక లంకగ్రామపు పాఠశాలలో ఏడవ తరగతికి ఆంగ్లము బోధించుచుండగా, ఒకనాడు వ్యవసాయమును గూర్చిన పాఠము వచ్చెను. మొదటి వాక్యమును చదువుమని ఒక బాలునితో చెప్పితిమి. ఆతడు లేచి, మిగిలిన మాటలన్నియు చక్కగా చదివి, నాగలి యను నర్థము గల మాటయొద్దకు వచ్చి, దానిని "ప్లఫ్" అని చదివెను. తరగతి యంతయు గొల్లున నవ్వెను. మేమును చిరునవ్వు నవ్వి, "ప్లౌ" అని సవరించి, కూర్చుండుమంటిమి. ఇది చెప్పుకొనుటకు సిగ్గుగానే యున్నది. ఆ బాలుడు కూర్చుండక, "మేష్టారండీ, మొన్న మీరే రఫ్ అన్నారు కదండీ, టఫ్ అన్నారు కదండీ. ఇవీ ఆ అక్షరాలే కదండీ?" అని యడిగెను. "ఇది ఇట్లే పలుకవలెను. కంఠస్థము చేయుము" అని చెప్పి మేము ముందునకు సాగితిమి.

ఆ బాలుడు ఆ సంవత్సరమంతయు తరగతిలో మరల ఆంగ్లము పైకి చదువలేదు. పేరు పిలిచినచో లేచి నిలుచుండెడివాడు, పుస్తకము వంక చూచెడివాడు, నోరు మెదపెడివాడు కాడు. ఆ తరగతిలో నాగలి మేడి చేతబట్టి నిజముగా దున్నినవాడు ఆతడొక్కడే యని మాకు తరువాత తెలిసెను.

తెలిసినదానిని బట్టి తెలియనిదానిని ఊహించుట బుద్ధిగలవాని లక్షణము. రఫ్, టఫ్ అను మాటల చివర నున్న నాలుగు అక్షరములే ఇచటను ఉన్నవి గనుక, ఇచటను ఆ పలుకే యుండవలెనని ఆతడు తర్కించెను. తర్కము సరియైనదే. తప్పినది ఆంగ్లవర్ణక్రమము, దానితోబాటు మేము. ఆనాడు ఆ ప్రశ్నకు మేము చెప్పియుండవలసిన జవాబును ఇప్పుడు వ్రాయుచున్నాము.

ఆ నాలుగు అక్షరములు ఓ, యు, జి, హెచ్. ఇవి ఈ వరుసలోనే అనేకాంగ్లపదములలో కానవచ్చును. 'అయినను' అను నర్థము గల దో యందును, తడిపిన పిండి యను నర్థము గల డో యందును ఇవి ఓకారముగా పలుకును. 'గుండా' అను నర్థము గల త్రూ యందు ఊకారము. నాగలి యను ప్లౌ యందును, చెట్టుకొమ్మ యను బౌ యందును ఔకారము. రఫ్, టఫ్, ఎనఫ్ అను మూటియందును అఫ్ అని పలుకును. దగ్గు అను నర్థము గల కాఫ్, పశువులకు కుడితి పోయు తొట్టి యను నర్థము గల ట్రాఫ్, ఈ రెంటను ఆఫ్ అని యుండును. థరో, బరో అను మాటలలో తేలికయైన అచ్చొకటి మాత్రమే వినబడి నిలిచిపోవును. థాట్, బాట్, బ్రాట్ మొదలగు వానిలో ఆకార ఓకారములకు నడుమనుండు పలుకొకటి కలదు. దానిని వ్రాయుటకు మన లిపిలో అక్షరము లేదు గనుక ఆకారముతోనే వ్రాయుచున్నాము. ఇవి ఏడు. ఎనిమిదవది వెక్కిలి. ఆ మాటను కొందరు ఈ నాలుగక్షరములతో వ్రాసి 'హికప్' అని పలుకుదురు. దానికి దగ్గుతో సంబంధము కలదని ఎవరో భ్రమపడి, దగ్గు మాట వర్ణక్రమమును దానికి తగిలించిరి. అది శుద్ధమైన పొరపాటు గనుక మేము లెక్కలో చేర్చలేదు.

ఈ పట్టికను చూచి బెదరవలసిన పనిలేదు. దీనిలో పెద్ద భాగమునకు ఒక చక్కని సూత్రము కలదు. ఆ నాలుగక్షరములకు తరువాత వెంటనే 'టి' యున్నచో అది దాదాపుగా ఎల్లప్పుడును ఆట్ అనియే పలుకును. కొనుట యను బై క్రియకు భూతకాలము బాట్, తెచ్చుట యను బ్రింగ్‌కు బ్రాట్, తలచుట యను థింక్‌కు థాట్, పోరుట యను ఫైట్‌కు ఫాట్, వెదకుట యను సీక్‌కు సాట్. విధిని తెలుపు ఆట్, సున్న యను నర్థము గల నాట్ కూడ ఈ కుటుంబములోనివే. ఈ సూత్రమునకు లోబడని మాటలలో విద్యార్థులకు తరచుగా తగులునది అనావృష్టి యను నర్థము గల డ్రౌట్ ఒక్కటే. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైన తరువాత కోనసీమవారికి ఆ మాటతో పరిచయము తగ్గినది గాని, పరీక్షాపత్రము వ్రాయువారికి తగ్గలేదు. కావున దానిని వేరుగా గుర్తుంచుకొనుడు. మిగిలినవి పది పన్నెండు మాటలకు మించవు. వానిని పట్టికగా గాక గుంపులుగా నేర్చినచో రెండు దినముల పని.

అయినను మా విద్యార్థి యడిగినది ఎట్లు నేర్వవలెననికాదు. ఎందుకిట్లున్నదని యడిగెను.

వేయి సంవత్సరములకు పూర్వము ఇంగ్లండు జనులు మాటలాడిన భాషలో ఈ మాటలలో పెక్కింటి చివర నిజముగా ఒక హల్లు వినబడుచుండెను. నోటి వెనుక భాగమున గాలి ఒరసికొని పోవునపుడు పుట్టు ధ్వని అది. ఉరుదూ బాగుగా మాటలాడువారు 'ఖబర్' అనునపుడు మొదట వినబడు ధ్వనియు, స్కాట్లండువారు సరస్సును 'లోఖ్' అనునపుడు చివర వినబడు ధ్వనియు దానివంటివే. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన తరువాత ఫ్రెంచి పద్ధతికి అలవాటుపడిన లేఖకులు ఆ ధ్వనిని జి, హెచ్ అను రెండక్షరములు చేర్చి వ్రాయసాగిరి. అప్పుడా రెండక్షరములును వ్యర్థములు కావు. వ్రాసినదానిని పలుకుచుండిరి. పలికినదానిని వ్రాయుచుండిరి.

ఆంగ్లమునకు జ్ఞాతియైన జర్మనుభాషలో ఆ హల్లు నేటికిని సజీవముగా నున్నది. రాత్రిని ఆంగ్లేయులు నైట్ అని జి, హెచ్ వ్రాసి మ్రింగివేయుదురు. జర్మనులు 'నాఖ్ట్' అని స్పష్టముగా పలుకుదురు. కుమార్తెను ఆంగ్లేయులు డాటర్ అందురు, జర్మనులు 'టొఖ్టర్' అందురు. ఇంకను దూరము పోయినచో మనకు తెలిసిన మాటలే ఎదురగును. సంస్కృతమున రాత్రికి నక్తము అని పేరు. కుమార్తె దుహిత. నక్తములోని కకారమును, దుహితలోని హకారమును ఉన్నచోటనే ఆంగ్లమున ఆ మూగయక్షరములు నిలిచియున్నవి. సంస్కృత గ్రీకు లాటిను భాషలు ఒక్క మూలమునుండి పుట్టియుండవలెననియు, జర్మనుభాషాకుటుంబమునకు కూడ అదియే మూలమై యుండవచ్చుననియు సర్ విలియం జోన్సు 1786లో కలకత్తాలో ఉపన్యసించెను. మనము వ్యర్థమని విసుగుకొను ఆ జి, హెచ్ ఆ బంధుత్వమునకు సాక్షులలో ఒకటి.

ఇక ఆ హల్లు ఏమైనది? సుమారు పదునైదవ శతాబ్దము మొదలు పదునేడవ శతాబ్దము వరకు అది ఆంగ్లేయుల నోట క్రమక్రమముగా మాయమయ్యెను. అన్నిచోట్ల ఒక్క తీరున మాయము కాలేదు. కొన్ని ప్రాంతములవారు దానిని బొత్తిగా విడిచిరి. కొన్ని ప్రాంతములవారి నోట అది ఫ్ అయ్యెను. ఖ్ అను ఆ గాలిని పెదవులు గుండ్రముగా చేసి విడిచి చూడుడు. వినువానికి ఫ్ వలెనే తోచును. అచ్చులును ఆ శతాబ్దములలోనే తారుమారైనవి. అనేక ప్రాంతములవారు చేరిన లండను నగరమున ఒక మాటకు ఒక ప్రాంతపు పలుకు, వేరొక మాటకు వేరొక ప్రాంతపు పలుకు స్థిరపడెను. రఫ్ ఒకరినుండియు, ప్లౌ మరియొకరినుండియు వచ్చినట్లు తలంపవచ్చును.

మన భాషతో పోల్చిన ఇది తేటపడును. 'వచ్చినాడు' అని వ్రాసినదానిని కోనసీమవాడు 'వచ్చాడు' అనియు, రాయలసీమవాడు 'వచ్చినాడు' అనియు, తెలంగాణమువాడు 'వచ్చిండు' అనియు పలుకుచున్నారు గదా. అన్ని క్రియలకును ఒకే ప్రాంతపు పలుకు గాక, 'వచ్చు' క్రియకు మన పలుకును, 'పోవు' క్రియకు అనంతపురము పలుకును, 'తిను' క్రియకు వరంగల్లు పలుకును నిర్ణయించి, వ్రాత మాత్రము అన్నిటికి ఒక్కటే యుంచినచో మన పిల్లలు పడు పాట్లెట్టివో ఊహించుకొనుడు. ఆంగ్లేయుల పిల్లలు ఆ పాట్లే పడుచున్నారు. వారును ఈ మాటలను మనవలెనే తప్పుగా చదువుదురు.

పలుకు మారుచుండగా వ్రాత యేల మారలేదు? దీనికి అచ్చు కారణము. విలియం కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మినిస్టరున ఇంగ్లండుదేశపు మొదటి ముద్రణాలయమును నెలకొల్పెను. చేతివ్రాత కాలమున ఎవరికి తోచినట్లు వారు వ్రాసెడివారు. అచ్చుపుస్తకములు పెరిగినకొలది కూర్పరులు ఒక వర్ణక్రమమునకు అలవాటుపడిరి, చదువరులు దానినే నమ్మిరి. ఆ హల్లు నోట చచ్చిపోవుచున్న కాలముననే కాగితముపై అది సీసపు అక్షరములతో స్థిరపడెను. అమెరికావారు కొంత ధైర్యము చేసిరి. నోవా వెబ్‌స్టరు 1828లో ప్రకటించిన నిఘంటువునందు ప్లౌ అను మాటను యు, జి, హెచ్ తీసివేసి, చివర డబ్ల్యు పెట్టి వ్రాసెను. నేటికిని ఆ దేశమున అట్లే వ్రాయుదురు. కాని త్రూ, థాట్, ఎనఫ్ అను మాటలను గ్రంథములందు వారును పాతవిధముగానే వ్రాయుచున్నారు.

పై తరగతుల విద్యార్థులకు తెలిసిన పరిహాసమొకటి కలదు. ఎనఫ్ నుండి జి, హెచ్ తీసికొని ఫ్ అనియు, స్త్రీలు అను నర్థము గల విమెన్ నుండి ఓ తీసికొని ఇ అనియు, నేషన్ నుండి టి, ఐ తీసికొని ష్ అనియు చదివినచో, ఆ అయిదక్షరములును ఫిష్, అనగా చేప, అగునట. దీనిని బెర్నార్డు షా కల్పించెనని చాలమంది చెప్పుదురు. అది నిజము కాదు. ఆయన పుట్టుటకు ముందే, 1855లో వ్రాసిన ఒక లేఖలో ఈ పరిహాసము కలదు. పరిహాసము బాగున్నది గాని న్యాయమైనది కాదు. జి, హెచ్ మాటకు మొదట నున్నప్పుడు ఎన్నడును ఫ్ కాదు, గ్ అనియే పలుకును. టి, ఐ మాట చివర ఒంటరిగా నిలిచి ష్ అనుటయు లేదు. ఆంగ్లవర్ణక్రమమునకు నియమములున్నవి. అవి అక్షరమును బట్టి గాక అక్షరముండు చోటును బట్టి యుండును. ఈ సంగతి తెలిసిన విద్యార్థికి సగము భయము తీరును.

మన లిపిలో వ్రాసినదే పలుకుదుము, పలికినదే వ్రాయుదుము అని మనము గొప్పగా చెప్పుకొనుచుందుము. చాలవరకు నిజమే. కాని జ్ఞానము అను మాటను వ్రాసి చూడుడు. జకారమునకు క్రింద ఞకారము. దానిని 'గ్న్యానము' అని పలుకుచున్నాము. జకారము ఎక్కడ? ఋషి యని వ్రాసి రుషి యందుము. ఫలము అనుచోట పకారమునకు హకారపు ఊపిరి చేర్చి పలుకవలసియుండగా, మనలో చాలమంది పెదవిని పంటితో తాకించి ఆంగ్లేయుల ఎఫ్ వలె పలుకుచున్నారు. అక్షరము పాతది, పలుకు క్రొత్తది. మరియొక వింత వినుడు. ఆంగ్లమున 'తెలిసికొను' అనుటకు నో అను క్రియ కలదు. దాని మొదట కె యను మూగయక్షరము వ్రాయుదురు. పదునేడవ శతాబ్దపు ప్రాంతమువరకు దానిని పలుకుచుండిరి. ఆ క్రియయు, మన జ్ఞానము అను మాటలోని సంస్కృతధాతువును ఒక్క మూలమునుండి పుట్టినవే. వారు కె వ్రాసి మౌనము వహించుచున్నారు, మనము జ వ్రాసి గ పలుకుచున్నాము.

అచ్చతెలుగు మాటలలోను ఇట్టివి యుండెను. నది యను నర్థము గల ఏఱు బండిఱకారముతో వ్రాయవలెను. నాగలి యను నర్థము గల ఏరు సాధురేఫముతో వ్రాయవలెను. ఏరువాక పున్నమి యను పేరిలో నున్నది ఈ నాగలియే. ఈ రెండు రేఫములకును ఒకప్పుడు వేరు పలుకులుండెను. పలుకులు కలిసిపోయెను. అక్షరములు కొన్ని శతాబ్దములు విడివిడిగా నిలిచి, మా తాతలకాలపు పిల్లలచేత దెబ్బలు తినిపించి, తుదకు అవియు కలిసిపోయెను. ఇప్పుడు రెంటిని ఏరు అనియే వ్రాయుచున్నాము. సంవత్సరమను నర్థము గల ఏఁడు అరసున్నతో నుండెను. ఆరునకు తరువాతి సంఖ్యయైన ఏడు అరసున్న లేక యుండెను. తమిళులు సంవత్సరమును 'ఆండు' అందురు. మన అరసున్న ఆ నకారపు జాడయే. ఆంగ్లేయుల జి, హెచ్ యే పని చేయుచున్నదో, మన అరసున్నయు ఆ పనియే చేయుచుండెను. వారు ఉంచుకొనిరి, మనము తీసివేసితిమి. పిల్లలకు శ్రమ తగ్గినది. అయితే ఇప్పుడు ఏరు అని వ్రాసియున్నచో అది నదియో నాగలియో సందర్భమును బట్టి తెలిసికొనవలెను. ఏది మేలని మమ్ము అడిగినచో, పిల్లల పక్షముననే నిలుచుందుము. ఈ వ్యాసమునందును చూపవలసిన చోట తప్ప అరసున్నలు వేయలేదు. పాఠశాలలో జనుల నోటిభాషనే నేర్పవలెనని జీవితమంతయు వాదించిన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) మా గ్రాంథికమును చూచినచో, అరసున్నలు తీసినందులకు మెచ్చుకొని, తక్కినదానికి మందలించియుందురు.

ఇక మన ఊళ్ళ పేర్లు. వీనిని ఆంగ్లాక్షరములలో వ్రాయునపుడు ఇదే చిక్కు తలక్రిందులై వచ్చును. ఊరు అను మాట ఒక్కటే. నెల్లూరు చివర దానిని ఓ, ఆర్, ఇ అని వ్రాయుదురు. చిత్తూరు చివర ఓ రెండుసారులు వేసి ఆర్ పెట్టుదురు. గుంటూరు చివర యు, ఆర్ చాలుననుకొనిరి. తెలుగు అను పేరునకే ఈ గతి పట్టినది. క్యాంబెల్ 1816లో మద్రాసున ప్రకటించిన వ్యాకరణపు పేరులో రెండు ఉకారములకును ఓ రెండేసిసారులు వ్రాసెను. బ్రౌను 1852లో ప్రకటించిన నిఘంటువులో యు వ్రాసెను. బ్రౌను వ్రాతయే నిలిచినది.

మన రాజోలు పేరు ఇంకను రుచికరము. బస్సుపై ఆంగ్లమున దానికి నడుమ జెడ్, చివర ఓ, ఎల్, ఇ వ్రాసియుండును. పరదేశి దానిని 'రజోల్' అని చదువును. జెడ్ యెందుకు వచ్చినదో మన పిల్లలు ఆలోచింపవలెను. తెలుగున జకారమునకు రెండు పలుకులు కలవు. జిల్లేడులో నాలుక అంగిటికి తగులును. జొన్నలలో పండ్లకు తగులును. రాజోలు అని మనవారు పలుకునది రెండవ విధపు జకారము. అది వినువాని చెవికి జెడ్ వలె తోచును. బెజవాడకు ఆంగ్లమున జెడ్ వ్రాసినదియు ఇందువలననే. కావున ఆ జెడ్ తప్పుకాదు, అది మన పలుకును శ్రద్ధగా విన్నవారి వ్రాత. చివరి ఇ మాత్రము మూగది. ఒంగోలు పేరునకును ఆ మూడక్షరముల తోకయే తగిలించిరి. కొత్తపేటలో తకారమునకు టి, హెచ్ వ్రాయుట మనవారి అలవాటు. ఆంగ్లేయుడు దానిని చూచి థకారముగా చదివినచో ఆతనిని చూచి నవ్వరాదు. ప్లఫ్ అన్న మా విద్యార్థివలె ఆతడును తాను నేర్చిన నియమమునే అనుసరించెను.

ఇప్పుడు మేము ఈ పాఠము చెప్పునపుడు ముందుగా నల్లబల్లపై నాగలి బొమ్మ గీయుదుము. దాని క్రింద ప్లౌ అను మాటను వ్రాసి, జి, హెచ్ అను రెండక్షరములను మాత్రము రంగుసుద్దతో దిద్ది, ఇవి ఒకప్పుడు పలికినవని చెప్పి, ఖ్ అను ఆ పాతధ్వనితో తరగతిచేత పలికింతుము. పిల్లలకు అది మిక్కిలి వేడుక. గొంతు సవరించుకొను మిషతో గంట తరువాత కూడ పలుకుచుందురు. పిదప ఒక్కొక గుంపును వ్రాయుదుము. ఎవరైన రఫ్‌ను బట్టి ప్లఫ్ అనినచో, ఏ మాటను బట్టి అట్లంటివని అడుగుదుము. చెప్పగలిగినచో ఆ మాటను బల్లపై వ్రాసి, ప్రక్కన ఆ విద్యార్థి పేరు వ్రాయుదుము.

ఈ సంవత్సరము ఎనిమిదవ తరగతి బాలిక ఒకతె లేచి, "డాటర్ అన్నారు కదండీ. దాని మొదటి అక్షరం మార్చి ఎల్ పెడితే లాఫ్టర్ అంటున్నారు కదండీ. మళ్ళీ దానిముందు ఎస్ పెడితే స్లాటర్ అంటున్నారు. నడుమ అక్షరాలు ఒక్కటీ మారలేదు కదండీ?" అని యడిగెను. కూతురు, నవ్వు, వధ అను నర్థములు గల ఆ మూడు మాటలను మేము ఇన్నేండ్లు చదివియు ఒకదాని ప్రక్క నొకటి నిలిపి చూచినవారము కాము. ఆమెను కూర్చుండుమనలేదు. బల్లయొద్దకు పిలిచి సుద్దముక్క చేతికిచ్చితిమి.